హైదరాబాద్ టికెట్లకు పాయింట్లు: ఇప్పుడే మార్చేయాలా, ఆగాలా?

అందరికీ నమస్కారం. మేం కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాం. మాఘమాసంలో చెల్లి పెళ్లి, నలుగురం హైదరాబాద్ వెళ్లాలి. టికెట్ల ధరలు చూస్తే గుండె గుభేలుమంటోంది. ఆమెక్స్ కోబాల్ట్ క్రెడిట్ కార్డు మీద కిరాణా, రెస్టారెంట్ ఖర్చుకు డాలరుకు 5 పాయింట్లు వస్తాయి కదా, అందుకని బియ్యం బస్తా దగ్గర్నుంచి కరివేపాకు దాకా అన్నీ దాంతోనే కొంటున్నాం. కాస్ట్‌కోలో మాత్రం అది చెల్లదు, అక్కడ మాస్టర్‌కార్డే.

ఈ పాయింట్లు ఎయిరోప్లాన్‌లోకి (ఎయిర్ కెనడా వాళ్ల పాయింట్ల పథకం, వీటితో భాగస్వామ్య ఎయిర్‌లైన్స్‌లోనూ సీట్లు బుక్ చేసుకోవచ్చు) ఒకటికి ఒకటి చొప్పున మారతాయి. ఒకసారి మారిస్తే మళ్లీ వెనక్కి రావు, అదే నా టెన్షన్. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సాలో గానీ, ఢిల్లీ మీదుగా ఎయిరిండియాలో గానీ ఒకే విమానంలో నాలుగు సీట్లు పాయింట్లకు ఎవరికైనా దొరికాయా? నేను వెతికినప్పుడల్లా ఒకటో రెండో కనిపిస్తున్నాయి. ఇద్దరిద్దరుగా విడిపోయి వెళ్లడానికి నేను రెడీనే, మా అత్తగారే ససేమిరా అంటున్నారు.

సీటు కనిపించాకే మార్చుకోవాలా? అప్పుడు మారిస్తే పాయింట్లు వెంటనే పడతాయా, లేక ఈలోగా సీటు ఎగిరిపోతుందా? మా ఆయన పాయింట్లు, నావి ఎయిరోప్లాన్ వాళ్ల ఫ్యామిలీ షేరింగ్‌లో కలిపితే తర్వాత ఏమైనా చిక్కులుంటాయా? పెళ్లిళ్ల సీజన్‌లో ఇలా బుక్ చేసినవాళ్లు ఎన్ని నెలల ముందు నుంచి చూశారో చెప్పి పుణ్యం కట్టుకోండి.