దాళ్వా కోతలొస్తే బాబు కళ్లు ఒకటే దురద: కళ్లకలకా, అలర్జీయా?

ప్రశ్న (అంబాజీపేట దగ్గర పల్లె నుంచి): నమస్కారమండి. మా బాబుకి తొమ్మిదేళ్లు. నిరుడు దాళ్వా కోతలప్పుడు రెండు కళ్లూ ఎర్రబడి దురద మొదలైంది, ఈ ఏడూ అంతే. మణికట్టుతో నులుముతూనే ఉంటాడు. ఇంటి పక్కన కళ్లం, వెనకాల కొబ్బరి పీచు. నిరుడు మందులషాపులో ఇచ్చిన చుక్కలు సగం మిగిలాయి, రెండు రోజుల్లో తగ్గిందప్పుడు. అవే వెయ్యొచ్చా? అత్తగారేమో నందివర్ధనం పూల రసం పిండమంటున్నారు. టెన్షన్‌గా ఉందండి.

జవాబు: రెండూ వద్దమ్మా. సీసా మీద పేరు చదవండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటివి ఉంటే స్టెరాయిడ్. ఎరుపు ఇట్టే తగ్గుతుంది. కానీ డాక్టరు చూడకుండా వాడుతూ పోతే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు రావచ్చు, పిల్లలకైనా శుక్లం రావచ్చు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. పైగా నిరుడు మూత తీసిన సీసా ఏదైనా పారేయాల్సిందే.

మా వాడూ ఏడో ఏట నుంచి ఇలాగే బాధపడ్డాడు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. రెండు కళ్లూ దురద, ఏటా అదే కాలం అంటే ఎక్కువగా అలర్జీయే. అది అంటుకోదు. పొద్దున్నే రెప్పలు అతుక్కుపోయి పచ్చటి పుసులు కడితే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. బాబుకి పుసులు ఎలా ఉన్నాయి?

అడిగినవారు: తెల్లగా, దారంలా సాగుతున్నాయండి. మొన్న కళ్లంలో ఎడమ కంట్లో ఊక పడిందన్నాడు. ఆ కన్ను ఎండ చూడలేకపోతున్నాడు, నొప్పంటున్నాడు.

జవాబు: అయితే ఇవాళే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, రేపు అనొద్దు. అలర్జీకి దురదే ఎక్కువ. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే నల్లగుడ్డు గీసుకుపోయిందేమో చూడాలి. వడ్ల ఊక, ఆకు తగిలిన గాయంలో ఫంగస్ పట్టి పుండవ్వొచ్చు. దాని మీద స్టెరాయిడ్ చుక్కలు పడితే పుండు ఇంకా ముదురుతుంది. దారిలో నులమనివ్వకండి.

అడిగినవారు (సాయంత్రం): అమలాపురం వెళ్లొచ్చామండి. కంట్లో రంగు చుక్క వేసి నీలం లైటు పెట్టి చూశారు. గీత లేదు, ప్రాణం లేచొచ్చింది. పైరెప్ప తిప్పితే లోపల సగ్గుబియ్యంలా బొడిపెలు. ఎండాకాలంలో పిల్లలకొచ్చే అలర్జీయేనట, ముదిరిందన్నారు. వెలుతురు పడకపోవడమూ, ఆ నొప్పీ దానివల్లేనట. ఒలోపటడిన్ అనే అలర్జీ చుక్కలు రోజుకి రెండుసార్లు, పది రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

జవాబు: హమ్మయ్య! దురద పుట్టినప్పుడు చల్లటి నీళ్లలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ రెప్పల మీద ఐదు నిమిషాలు వెయ్యండి. నులిమే అలవాటు మాత్రం మాన్పించాలి, ఏళ్ల తరబడి నులిమితే నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకురావచ్చు. నూర్పిళ్లు జరిగే పూట ఆ వైపు కిటికీలు మూసెయ్యండి. ఆట నుంచి రాగానే మొహం, జుట్టు కడిగించండి, ధూళి తలగడకి చేరకుండా. పది రోజులయ్యాక ఏమన్నారో ఇక్కడ రాయండమ్మా.