ఎండాకాలంలో ట్రైకో కార్డులు పనిచేయవా?

చేవెళ్ల టమాటా: ఎకరం టమాటా పూత మీద ఉంది. కాయతొలుచు పురుగుకు హైదరాబాద్ నుంచి ట్రైకో కార్డు (పురుగు గుడ్లలో పెరిగి వాటిని చంపే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగలున్న గుడ్లు అంటించిన అట్ట) తెచ్చి కట్టాం. చలికాలం పంటలో మంచిగ పనిచేసింది. ఇప్పుడు ఏప్రిల్‌లో గుడ్లన్నీ నల్లగానే ఉన్నాయి, కాయలకు బొక్కలు మాత్రం ఆగట్లేదు. కార్డు నకిలీదా, ఎండ దెబ్బా?

రాజేంద్రనగర్ కీటకం: గుడ్డు నల్లబడితే లోపల పరాన్నజీవి పెరిగిందని అర్థం, అది బతికి బయటికొస్తుందన్న హామీ లేదు. కొత్త కార్డు నుంచి చిన్న ముక్క కత్తిరించి గాజు సీసాలో వేసి, మూతికి పలుచటి గుడ్డ కట్టి చల్లటి గదిలో ఉంచండి. కార్డు మీద రాసిన, కందిరీగలు బయటికొచ్చే తేదీ దాటిన రెండ్రోజులకు భూతద్దంతో చూడండి. వందలో 80–90 గుడ్లకు గుండ్రటి రంధ్రాలుంటే కార్డు మంచిదే, తేడా పొలంలో ఉంది. లేకపోతే తయారీలోనో, దారిలోనో చచ్చాయి. మధ్యాహ్నం బైకు డిక్కీలో తెస్తే ఇంకేం మిగులుతాయి?

ట్రైకోగ్రామాకు 25–28 డిగ్రీలు, 60–75 శాతం తేమ అనుకూలం. 35 దాటితే బయటికొచ్చేవి తగ్గుతాయి, వచ్చినవీ ఎక్కువ రోజులు బతకవు. అసలు ఇబ్బంది ఇంకోటుంది. వేడికి కాయ తొలిచే ఈ పచ్చపురుగు గుడ్డు కూడా రెండుమూడు రోజుల్లోనే పొదుగుతుంది, ట్రైకోకేమో తాజా గుడ్డే కావాలి. వారానికోసారి కడితే మధ్యలో పెట్టిన గుడ్లన్నీ తప్పించుకుంటాయి. అందుకే ఎకరాకు వారానికో కార్డు, అంటే సుమారు 20 వేల గుడ్లు, ఒకేసారి కట్టకుండా మూడు నాలుగు రోజులకోసారి సగం కట్టండి. మిగతా సగం ఫ్రిజ్‌లో కూరగాయల అరలో, 10 డిగ్రీల దగ్గర ఉంచండి. ఫ్రీజర్‌లో పెడితే చస్తాయి.

షాద్‌నగర్ సాగు: పైన చెప్పింది కరెక్టే అన్నా. తెచ్చేటప్పుడు థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టండి, కార్డుకు తగలకుండా మధ్యలో పేపరు వేయండి. కార్డులోంచి కందిరీగలు రేపు వస్తాయనగా సాయంత్రం కట్టాలి. ముందే కడితే చీమలు తినేస్తాయి. ఇవి దూరం ఎగరలేవు కాబట్టి 10 మీటర్లకో ముక్క, ఎకరాకు 40 దాకా. ఆకు అడుగున, మొక్క మధ్యభాగంలో స్టేపుల్ చేయండి. ఆ రోజు తడి పెడితే తేమ నిలుస్తుంది. కట్టాక పురుగుమందు కొట్టారో, పెట్టిన డబ్బు పోయినట్టే.

ఉప్పల్ మిద్దెతోట: మందారం పిండినల్లికి వదిలే అక్షింతల పురుగుల సంగతీ ఇంతేనా?

రాజేంద్రనగర్ కీటకం: పిండినల్లిని తినే ఆ అక్షింతల పురుగు, అంటే క్రిప్టోలీమస్ కూడా 25–28 డిగ్రీల దగ్గరే చురుకు. మిద్దె మీద స్లాబు సెగ పొలం కంటే ఎక్కువ, మే నెలలో వదలకండి. వానాకాలంలో ముసురు విడిచిన సాయంత్రం వదలండి, అదీ పిండినల్లి బాగా ఉన్న మొక్క మీదే. ముందు చీమల దారి కట్టేయండి, పిండినల్లికి కాపలా కాసేవి అవే.