చండీగఢ్ రాక్ గార్డెన్ ఒక్కరే కట్టారా?

ప్రశ్న: వచ్చే నెల చండీగఢ్ వెళ్తున్నాం. రాక్ గార్డెన్‌ని శిల్పకళ అసలు నేర్చుకోని ఒక ప్రభుత్వ ఉద్యోగి దొంగచాటుగా కట్టాడంటున్నారు, నిజమేనా?

జవాబు 1: నిజమేనండి. నేక్ చంద్, రోడ్ ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కోసం ఊళ్లు కూల్చేస్తే మిగిలిన చెత్త, విరిగిన గాజులు, పింగాణీ ముక్కలు సైకిల్ మీద మోసుకెళ్లి, కట్టడాలు నిషేధమైన అడవిలో, డ్యూటీ అయ్యాక, ఏళ్ల తరబడి బొమ్మలు చేశారు. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ ఉండదా మరి!

జవాబు 2: పూర్తిగా ఒక్కరే కాదు. అధికారుల కంట పడ్డాక, 1976లో జనానికి తెరిచి, ఆయనకే జీతమిచ్చి 50 మంది కూలీలను కూడా ఇచ్చారు. పెద్ద జలపాతాలు ఆ తర్వాతివే. 1984లో పద్మశ్రీ.

జవాబు 3: గాజుముక్కల బొమ్మల వరసలు మాత్రం వదలకండి. గుమ్మాలు బాగా చిన్నవి, పొడుగువాళ్లు వంగాల్సిందే.