రబ్బింగ్ పాలిష్ చేయించిన మూడు వారాలకే మళ్లీ సాలెగూడు గీతలు. కోటింగ్ వేయించాలా?

నల్లబండి_ఒంగోలు:
కారు 2017 మోడల్, నలుపు మెటాలిక్. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే. పొద్దున్నే తుడిచే అబ్బాయి ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పది కార్లు ముగిస్తాడు. ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు, వాటి మీద తెల్లటి నీటి మరకలు. షాపులో రబ్బింగ్ పాలిష్ చేయిస్తే అద్దంలా వచ్చింది. నాలుగు వాష్‌లు పడేసరికి మళ్లీ మామూలే. ఇప్పుడు సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద గట్టిపడే పల్చటి రక్షణ పొర) వేస్తే గీతలు పోతాయి, ఇక పడవు అంటున్నారు. ఇంకో రెండు సంగతులు: ఎడమవైపు వెనక డోర్ పోయిన నెలలో రీపెయింట్ అయింది. రూఫ్ ముందు అంచున అరచేయంత మేర పొట్టు లేచి తెల్లబడింది. నేనే మెషీన్ కొనుక్కుని చేసుకోవచ్చా? ఏ వరసలో చేయాలి?

బఫ్‌ప్యాడ్:
గీతలు తిరిగి రాలేదండీ, అసలు పోనేలేదు. చాలాచోట్ల రోటరీ మెషీన్‌కి (ప్యాడ్ ఒకేచోట గిర్రున తిరిగేది) ఊలు ప్యాడ్ తగిలించి, నూనెలు, ఫిల్లర్లు దండిగా ఉన్న కాంపౌండ్‌తో (గరుకు పాలిష్ పేస్టు) తిప్పేస్తారు. ఆ నూనె గీతల్లో నిండుతుంది కాబట్టి డెలివరీ రోజున మెరుపే మెరుపు. షాంపూ పడేకొద్దీ నూనె కొట్టుకుపోయి గీత బయటపడుతుంది. ఎవరు పాలిష్ చేసినా డబ్బులిచ్చే ముందు ఒక పని చేయించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ ఆరు వంతులు కలిపి, బానెట్ మీద అడుగు మేర స్ప్రే చేసి తుడిచి, ఫోన్ టార్చ్ దగ్గరగా పెట్టి చూడండి. అప్పుడూ గీత కనబడకపోతేనే పోయినట్టు.

కోటింగ్ గీతల్ని తీయదు. దాని పొర ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతే. కింద ఏది ఉంటే దాన్నే మూసి పెడుతుంది. 9హెచ్ అని గొప్పగా చెప్పేది పెన్సిల్ గట్టిదనం కొలత, వజ్రాలకు చెప్పే కొలత కాదు. ఇసుక అంటిన గుడ్డతో రుద్దితే కోటింగ్ మీద కూడా గీత పడుతుంది. ఆ అబ్బాయి గుడ్డ ఆపకుండా ఏం చేయించినా దండగే.

ఇంకోటి గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. అందులో మనం పాలిష్ చేసే క్లియర్ కోట్, అంటే రంగు మీది పారదర్శక పొర, 35 నుంచి 50. ఎండను ఆపే రసాయనాలు ఉండేది అందులోనే. గట్టి కాంపౌండింగ్ చేసిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు పోతాయి. ఏడాదికోసారి రబ్బింగ్ చేయిస్తూ పోతే కొన్నేళ్లలో రూఫ్, బానెట్ పొట్టు లేవొచ్చు. గోరు ఆడిస్తే తగిలే గీతని పూర్తిగా తీసేయాలని చూడకండి, అంచులు గుండ్రబడి కనబడకపోతే చాలు.

గోదారి_డిటైలింగ్:
నల్లబండి గారూ, చేసుకోవచ్చు. రోటరీ వద్దు, డీఏ (డ్యూయల్ యాక్షన్) మెషీన్ కొనండి. దాంట్లో ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడెక్కి పెయింట్ కాలే ప్రమాదం తక్కువ.

ముందు నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు షాంపూ వాష్. తర్వాత నీటి మరకలు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఆరిపోయి అంటుకున్నవే అవి. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ తడిపి మరక మీద రెండు నిమిషాలు పరచండి. ఆరనివ్వకుండా తీసి కడిగేయండి. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, అల్యూమినియం పట్టీలు, క్రోమ్ ఒక్క దెబ్బకు పోతాయి. వెనిగర్‌కీ లొంగని మరక అంటే క్లియర్ కోట్‌లోనే గుంట పడిందని. అది పాలిష్‌తో కొంతవరకే తగ్గుతుంది.

తర్వాత పల్చటి పాలిథిన్ కవర్‌లో చేయి పెట్టి పెయింట్ మీద మెల్లగా జరపండి. గరుకు తగిలితే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) అవసరం. షాంపూ నీళ్లు ధారాళంగా పోస్తూ, బలం పెట్టకుండా అటూ ఇటూ లాగండి. మురికి కనబడగానే మడిచి కొత్త వైపు తిప్పండి. క్లే చేయి జారి నేలమీద పడిందా, ఇక పారేయడమే. దాన్లో గుచ్చుకున్న ఒక్క ఇసుక రేణువు మొత్తం బానెట్‌ని గీకేస్తుంది.

పాలిష్‌కి ముందు రబ్బరు బీడింగ్, గరుకు నల్ల ప్లాస్టిక్, బాడీ అంచులకు మాస్కింగ్ టేప్ వేయండి. ఆ ప్లాస్టిక్ మీద పాలిష్ ఆరితే తెల్ల మచ్చ పడి ఒక పట్టాన వదలదు. బానెట్ మీద ఒకటిన్నర అడుగుల చదరం టేప్‌తో కట్టి అక్కడే ట్రయల్. మొదట మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. సరిపోకపోతేనే మీడియం ప్యాడ్, ఆ తర్వాతే కాంపౌండ్. నేరుగా కాంపౌండ్‌తో మొదలుపెట్టకండి. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. స్పీడ్ ఆరులో నాలుగో అయిదో పెట్టి, మెషీన్ బరువుకు కాస్త చేయి బరువు కలిపి, సెకనుకు అంగుళం చొప్పున జరుపుతూ నిలువు, అడ్డం కలిపి నాలుగైదు సార్లు.

బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్‌ని అంటించే పళ్లెం) అంచున మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. ఆ గీత తిరుగుతూ కనబడాలి. ఆగిపోయి ప్యాడ్ వణుకుతోందంటే మీరు అదిమేస్తున్నారు, గీతలు కోయడం అక్కడితో ఆగిపోయింది. ప్రతి చదరానికీ బ్రష్‌తో ప్యాడ్ దులపండి. కారంతటికీ ఐదారు ప్యాడ్‌లు కావాలి. ఒకే ప్యాడ్‌తో లాగిస్తే తడిసి వేడెక్కి, తీసిన పెయింట్ పొడినే మళ్లీ రుద్దుతుంది.

టూకే_పెయింట్:
పైవాళ్లు చెప్పనివి రెండు. కొత్త డోర్‌కి ఇప్పుడే కోటింగ్, వ్యాక్స్ వద్దు. పెయింటింగ్ బూత్‌లో 60 డిగ్రీల వేడిలో అరగంట బేక్ చేసినా లోపలి సాల్వెంట్ (పెయింట్‌లో కలిపే ద్రావకం) కొన్ని వారాలు బయటికి వస్తూనే ఉంటుంది. దారి మూసేస్తే మసకబారడమో, సన్న బుడగలు లేవడమో జరుగుతుంది. రెండు నెలలు ఆగండి, మామూలు వాష్‌లు చేసుకోవచ్చు. థిక్‌నెస్ గేజ్ (పెయింట్ మందం కొలిచే పరికరం) దొరికితే ఆ డోర్ కొలవండి. 200 మైక్రాన్లు దాటితే రీపెయింట్ మామూలే, 400–500 దాటితే కింద పుట్టీ ఉండొచ్చు. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి అక్కడ మామూలు గేజ్ రీడింగ్ ఇవ్వదు. అది త్వరగా వేడెక్కుతుంది కూడా, మెషీన్ మెల్లగా నడపండి.

రూఫ్ మీద మాత్రం మెషీన్ పెట్టొద్దు. తెల్లబడి పొట్టు లేచిందంటే క్లియర్ కోట్ రంగును వదిలేసింది. పాలిష్ చేస్తే అంచు ఇంకా లేచి అరచేయి కాస్తా అడుగవుతుంది. మచ్చ వరకే క్లియర్ కొట్టించినా నిలవదు, ఆ అంచు దగ్గరే మళ్లీ లేస్తుంది. ఎండ తగిలిన రంగు పొర కూడా పాడై ఉంటుంది. కాబట్టి పొట్టు వదిలేవరకూ సాండ్ చేసి, రేకు బయటపడ్డ చోట ప్రైమర్ వేసి, రంగు, దానిమీద రూఫ్ అంతటికీ క్లియర్ కొట్టాలి. స్ప్రే డబ్బాల్లోనూ హార్డెనర్ (పెయింట్‌ని గట్టిపరిచే రసాయనం) ఉన్నవి, లేనివి ఉన్నాయి. లేనివి మన ఎండకు ఆగవు.

నల్లబండి_ఒంగోలు:
రూఫ్ బాడీ షాపుకి ఇస్తాను. మిగతా కారు పాలిష్ అయ్యాక ఏం వేయాలి? బోరు నీళ్లు మార్చలేను.

గోదారి_డిటైలింగ్:
బఫ్‌ప్యాడ్ గారు చెప్పిన ఆల్కహాల్ నీళ్లతో తుడిచాక సీలెంట్ (పెయింట్‌ని కాపాడే కృత్రిమ పూత) వేయండి. కార్నౌబా వ్యాక్స్ (చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) అందంగానే ఉంటుంది గానీ మన వేసవిలో నల్ల బానెట్ మీద నెలా రెండు నెలలు నిలిస్తే గొప్ప. సీలెంట్ నాలుగైదు నెలలు వస్తుంది. చేయి కుదిరాక కోటింగ్‌కి వెళ్లొచ్చు. కోటింగ్‌ని అడుగు చదరం వేసి, ఇంద్రధనుస్సు రంగులు కనబడగానే తుడవాలి. మీ తీరప్రాంతంలో ఉక్కగా ఉంటుంది కాబట్టి ఆ సమయం మారుతుంది, ఒక్క చదరం చేసి చూసుకున్నాకే ముందుకెళ్లండి. తుడవడం ఆలస్యమైతే మచ్చ గట్టిపడుతుంది, మళ్లీ పాలిష్ చేసి తీయాల్సిందే. మొదటి రోజంతా నీరు తగలకూడదు. షాంపూ వారం తర్వాత. ఒకటి మాత్రం చెబుతున్నా, కోటింగ్ ఉన్నా బోరు నీటి చుక్క ఎండలో ఆరితే మరక పడుతుంది. చుక్కలు ముత్యాల్లా నిలుస్తాయి కాబట్టి అవి గుండ్రంగా ఇంకా స్పష్టంగా కనబడతాయి.

కడిగేది బోరు నీళ్లతోనే అయినా చివరి రెండు లీటర్లు ఏసీ డ్రెయిన్ నీళ్లు వడగట్టి పోయండి. గాలిలోంచి కారిన నీరు కాబట్టి ఉప్పు ఉండదు. ఆర్‌ఓ యూనిట్ (తాగునీటి ఫిల్టర్) వదిలేసే వేస్టు నీళ్లు పోయొద్దు, వాటిలో ఉప్పు బోరు నీళ్లకంటే ఎక్కువ. వెంటనే పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ని పరిచి లాగండి, రుద్దొద్దు.

బఫ్‌ప్యాడ్:
తుడిచే అబ్బాయికి అద్దాలు, లోపలి భాగం మాత్రమే అప్పజెప్పండి. దుమ్ము మీద పొడి గుడ్డ వద్దు. కవర్ కప్పితే సరిపోతుంది అనుకునేవాళ్లూ ఉన్నారు. దుమ్ము ఉన్న కారుకి కవర్ కప్పితే గాలికి అది ఆడుతూ గరుకు కాగితంలా పనిచేస్తుంది. పిట్ట రెట్ట పడితే తడి టిష్యూ ఐదు నిమిషాలు కప్పి ఎత్తేయండి. వారం వాష్‌కి రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి మిట్ (కారు కడిగే చేతి తొడుగు) జాడించడానికి. జాడించే బకెట్ అడుగున ఇసుక చూశాక ఇంకెప్పుడూ ఒక్క బకెట్‌తో కడగరు.