సమస్య: దూరమున్నవాఁడె తోడనుండె

పర్లాకిమిడి మాస్టారు: ఈసారి ఆటవెలది. మొన్న క్లాసులో పొడవాటి పూసల దండను నీళ్ల పళ్లెంలో వేసి కదిపితే, కొక్కెం పక్కనున్న పూస మెల్లగా జరిగి ఎక్కడో నడిమి పూసకు ఆనుకుంది. చిన్న అణువులు పూసల్లా వరసగా కలిసిన పాలిమర్ గొలుసులోనూ ఇదే సంగతి, అందుకే ఈ పాదం ఇచ్చాను. దూరమంటే గొలుసు వెంట పూసలు లెక్కపెట్టుకుంటూ పోయే దూరం, అది మరవకండి.

రాయగడ:
పూస వెంట పూస పొందుపడిన దండ
నీట ముడుచుకొనుచు నిలువకుండ
వంద పూసలవలి వాఁడు వచ్చి తగిలె
దూరమున్నవాఁడె తోడనుండె

బరంపురం: యతులు కుదిరాయి, "పొందుపడిన" చాలా నచ్చింది. కానీ మీ పూసలు తగిలి ఊరుకున్నాయండీ, అసలు కథ ఆ తర్వాతే. ఒక పూస ఉన్న చోట ఇంకోటి దూరలేదు కాబట్టి గొలుసంతా ఉబ్బుతుంది, రసాయన శాస్త్రవేత్త ఫ్లోరీ 1949లో లెక్క కట్టింది దీన్నే. పూసలు ఒకదాన్నొకటి పట్టించుకోకపోతే గొలుసు సైజు వాటి సంఖ్యకు వర్గమూలంలా పెరుగుతుంది, పట్టించుకుంటే 3/5 ఘాతంలా. పది వేల పూసలుంటే సుమారుగా 100 పూసల పొడవు కాస్తా 250 అవుతుంది! నా పూరణ:

ఒక్కచోట నిలువ నొల్లరిద్దరెపుడు
దారి మళ్ళి గొలుసు తాను పొంగు
నెట్టుకొనుట కూడ నేస్తమే గద చూడ
దూరమున్నవాఁడె తోడనుండె

రాయగడ: నిజమే, నాది సగంలో ఆగిపోయింది. మీ మూడో పాదం మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

సిరొంచ: నేను పద్యం రాయడం ఇదే మొదలు, టెన్షన్‌గా ఉంది.

ప్రాణహితకు నవల పల్లె దీపము కాన
రోడ్డు చుట్టు తిరుగ దూరమెంతొ
పేరు పెట్టి పిలువఁ బిలుపందుకొనువాఁడు
దూరమున్నవాఁడె తోడనుండె

పర్లాకిమిడి మాస్టారు: రెండో పాదంలో రో, దూలకు యతి చెల్లదు తమ్ముడూ. "దారి చుట్టు తిరుగఁ దవ్వు గాని" అను, సరిపోతుంది. మిగతాదేమీ ముట్టుకోకు. దారి వెంట దూరం వేరు, ఏటికి అడ్డంగా దూరం వేరు అని నేను గంటసేపు చెప్పేది నువ్వు ఒక దీపంతో చెప్పావు.

బరంపురం: మాస్టారూ, పూసలు నెట్టుకోవడం, లాక్కోవడం సరిసమానమయ్యే తీటా ఉష్ణోగ్రతను ఎవరూ ముట్టుకోలేదు. సైక్లోహెక్సేన్ అనే ద్రావణిలో పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌కు అది దాదాపు 34.5 డిగ్రీల సెల్సియస్, అక్కడ గొలుసు మళ్లీ వర్గమూలం లెక్కకే వస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు: రాయండి మరి. ఆదివారం రాత్రి దాకా చూస్తాను, "తీటా" అన్న మాట పద్యంలో రాకూడదు.