సమస్య: వెలికి గెంటినపుడె వెలిగె పేరు

నిర్వాహకుడు (పర్లాకిమిడి): ఐర్లండులోని మేయొ కౌంటీలో, కౌలు తగాదాలో రైతులంతా వెలివేసిన భూస్వామి ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ కథ చదువుతుంటే ఈ పాదం తట్టింది. మనిషి పేరే ఇంగ్లీషులో క్రియగా మారిన వైనం మీద పూరించండి.

వంశధార (గుణుపురం):

కౌలు రైతు లెల్ల కదలిరి, బాయ్‌కాటు
దొరకు కోత లేదు, తోడు లేదు;
మేయొ సీమలోన మేటి యా కెప్టెన్ని
వెలికి గెంటినపుడె వెలిగె పేరు.

నాగావళి (రాయగడ): ‘బాయ్‌కాటు’ తగణంగా (గురువు, గురువు, లఘువు) చక్కగా ఇమిడింది. ‘మేటి’ మాత్రం యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం) కోసం తెచ్చిపెట్టుకున్నదే. కౌలు 25 శాతం తగ్గించమన్న రైతులకు ఖాళీ చేయమని నోటీసులు పంపినవాడు మేటి ఎలా అవుతాడు? ‘కోత లేదు’ కూడా నిలవదు. 1880 నవంబరులో కావన్, మోనగన్ కౌంటీల నుంచి 50 మంది వచ్చి, సైన్యం కాపలాలో పంట తీశారు. 500 పౌండ్ల పంటకు అయిన ఖర్చు సుమారు 10,000 పౌండ్లు!

వంశధార: ఊరివాళ్లెవరూ చెయ్యి వెయ్యలేదు కదా, నేనన్నది అదే. కిందటి పూరణలో ‘చ’కు ‘ట’తో యతి వేసినవారు నా ‘మేటి’ని పట్టుకున్నారు. ఆ పద్యం ఇప్పటికీ అలాగే ఉంది.

నాగావళి: అందులో భావం చూడమని అప్పుడే మనవి చేశాను. ఇక నా పూరణ:

మొదటి యక్షరంపు మురిపెము పోవగా
నొదిగి చిన్న ‘బీ’గ నూరు దిరిగె;
నామ మొకటి క్రియగ నాలుక లెక్కెను;
వెలికి గెంటినపుడె వెలిగె పేరు.

మహేంద్రతనయ (బరంపురం): అద్భుతం! అందరం మనిషినే వెలివేస్తుంటే మీరు పెద్ద ‘బీ’ని (క్యాపిటల్ B) వెలివేశారు. ‘ఆస్ట్రసైజ్’ (వెలివేయడం) అంటే పల్లె జనానికి ఎక్కదని, ‘బాయ్‌కాట్’ అందామని అక్కడి చర్చి పాదరీ ఫాదర్ జాన్ ఒమాలీ సూచించారట. ఆ నవంబరులోనే లండన్ ‘టైమ్స్’లోకి ఎక్కేసింది. ఫ్రెంచి, జర్మన్ వాళ్లూ తెచ్చుకున్నారు. మన ఒడియా ఇరుగుపొరుగు వెలిని ‘బాసంద’ అంటారు, దానితో కూడా ఎవరైనా ప్రయత్నించండి.

వంశధార: ‘మొకటి క్రియగ’ దగ్గర, ‘క్రి’ అనే జంటక్షరం ముందున్న ‘టి’ గురువైంది. గణం పోయింది.

నిర్వాహకుడు: పోలేదండీ. అవి వేరు వేరు మాటలు. ‘నామక్రియ’ అని సమాసం చేసి ఉంటే మీ అభ్యంతరం చెల్లేది. మీ పద్యానికి ఒక సవరణ: బాయ్‌కాట్ లార్డ్ ఎర్న్ భూములకు ఏజెంటు. ‘మేయొ సీమలోన మేనేజరగు వాని’ అంటే యతి నిలుస్తుంది, ఆ ‘మేటి’ బెడదా పోతుంది.

వంశధార: తీసుకున్నాను, ధన్యవాదాలు. నాగావళి గారి ‘చ–ట’ సంగతి కూడా తేల్చండి మరి.