న్యూయార్క్‌లోని పాత ముద్రణశాలను నాన్నగారికి చూపించవచ్చా?

ప్రశ్న:
మా నాన్నగారు రాజమండ్రిలోని ఒక ప్రెస్సులో చాలాకాలం కంపోజిటరుగా (అచ్చుకోసం సీసపు అక్షరాలు పేర్చే పనివారుగా) పనిచేశారు. కంప్యూటరులో అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చి సీసపు అక్షరాలను తూకానికి అమ్మేసిన తరువాత ఆయన మళ్ళీ స్టిక్కు (అక్షరాలను పంక్తిగా పేర్చే చేతిపట్టీ) పట్టుకోలేదు. ఈ వేసవిలో అమ్మానాన్నలు న్యూజెర్సీలో మా ఇంటికి వస్తున్నారు. మన్‌హట్టన్‌లోని వాటర్ స్ట్రీట్‌లో బౌన్ అండ్ కంపెనీ అనే పాతకాలపు ముద్రణశాల, స్టేషనరీ దుకాణం ఉన్నదని విన్నాను. ఇంగ్లీషు అంతగా రాని ఆయనకు అక్కడ చూడదగినది ఏమైనా ఉంటుందా, లేక అది కార్డులు అమ్మే దుకాణం మాత్రమేనా? చూసివచ్చినవారు దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
తప్పక తీసుకువెళ్ళండి. రాబర్ట్ బౌన్ 1775లో న్యూయార్క్‌లో ప్రారంభించిన స్టేషనరీ వ్యాపారం పేరు అది. ఆ సంస్థ తరువాత ఆర్థిక పత్రాల ముద్రణలో పెద్దదై, 2010లో మరో ముద్రణ సంస్థ చేతికి వెళ్ళింది. కాని సౌత్ స్ట్రీట్ సీపోర్ట్ మ్యూజియంతో కలిసి 1975లో పంతొమ్మిదో శతాబ్దపు పద్ధతిలో తెరిచిన ఈ దుకాణం మాత్రం మ్యూజియం నిర్వహణలో నిలిచింది. కార్డులు అమ్మే మాట నిజమే, అయితే కాలితో తొక్కే ట్రెడిల్ యంత్రాలూ అక్కడే ఉన్నాయి.

జవాబు 2:
మాదీ ప్రెస్సు నడిపిన కుటుంబమే. భాష అడ్డం కాదండీ. స్టిక్కులో అక్షరాలను తలకిందులుగా పేర్చడం, పంక్తి బిగువుగా నిలిచేదాకా మాటల మధ్య స్పేసులు సర్దడం, ఆపైన చేజ్ అనే ఇనుప చట్రంలో బిగించడం ఏ లిపికైనా ఒకటే. అక్షరాల కేసును, అంటే అక్షరాలు విడివిడిగా ఉంచే గళ్ళ సొరుగును, చూపించమని అడగండి. అమెరికాలో విరివిగా వాడిన కాలిఫోర్నియా జాబ్ కేసులో 89 గళ్ళే ఉంటాయి, ఇంగ్లీషు చిన్న అక్షరాలూ పెద్ద అక్షరాలూ అందులోనే ఇమిడిపోతాయి. గుణింతాలు, ఒత్తుల వల్ల తెలుగుకు కొన్ని వందల రకాల దిమ్మలు కావలసి వచ్చేది. ఆ తేడాను మీ నాన్నగారి నోటనే అక్కడివారికి చెప్పించి, మీరు పక్కన నిలబడి అనువదించండి. కేసు చూడకుండా కార్డులు మాత్రమే కొనుక్కుని వస్తే ఆ చోటును చూసినట్టే కాదని నా గట్టి అభిప్రాయం. దిమ్మలను అడిగి ముట్టుకోండి. వాటిలో సీసం ఉంటుంది కనుక తరువాత చేతులు శుభ్రంగా కడుక్కోవాలి.

జవాబు 3:
ఒక విషయం ఆయనకు ముందే చెప్పి ఉంచండి. మెత్తని, మందపాటి కాగితంలోకి అచ్చు లోతుగా దిగడమే అందమని లెటర్‌ప్రెస్ అనే ఈ పాత అచ్చు పద్ధతికి ఇప్పుడున్న అభిమానులలో చాలామంది భావిస్తారు. పాతకాలపు పనివారికి అది లోపం: కాగితం వెనుక తడిమితే అచ్చు తగలకూడదు, సిరా మాత్రమే సమంగా అంటాలి. అటువంటి కార్డు కనిపిస్తే మీ నాన్నగారు వెంటనే వెనక్కి తిప్పి చూస్తారు, ఆయన ఏమంటారో శ్రద్ధగా వినండి. ఫుల్టన్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళేంత దూరమే. బయలుదేరే ముందు వేళలనూ, ఆ రోజున యంత్రం నడిపి చూపిస్తారా అన్నదీ మ్యూజియం వారిని అడిగి తెలుసుకోండి.